సొంత ఉదాహరణ

పైడిరాజు భుజం మీద తువ్వాలు ఉండదు. అరవై ఆరేళ్ళ మనిషి, ముప్ఫయ్యేళ్ళు కరెంటు స్తంభాలెక్కి దిగిన లైన్‌మేను, బోసి భుజంతో తిరుగుతుంటే అనకాపల్లిలో చూసేవాళ్ళకి కాస్త వెలితిగానే ఉంటుంది. చెమట పడితే చొక్కా చేతికి తుడుచుకుంటాడు. చినుకు పడితే తడుస్తాడు.

"దేవుణ్ణి మానేసేవు, బాగుంది. మరి తువ్వాలేటి సేసింది మావా?" అంటారు మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కళాసీలు.

"బరువు," అంటాడు పైడిరాజు. అంతకుమించి చెప్పడు.

ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి ఆయన బెల్లం మార్కెట్ గేటుకి ఎదురుగా ఉన్న ఫరూఖ్ టీ కొట్టు బెంచీ మీద ఉంటాడు. ఎదురు బెంచీ మీద పాస్టర్ ఆశీర్వాదం ఉంటాడు. వారంలో ఆరు రోజులు ఆశీర్వాదం మార్కెట్లో కాటా దగ్గర బెల్లం తూకం వేస్తాడు. ఏడో రోజు ఊరి చివర రేకుల షెడ్డులో నలభై మందికి వాక్యం చెబుతాడు. ఎన్నిసార్లు కడుక్కున్నా ఆయన వేళ్ళకి బెల్లం వాసన పోదు. బైబిలు అట్ట మీద ఎప్పుడూ ఒకటో రెండో చీమలు నడుస్తుంటాయి.

"నీ సువార్త సీమలకి బాగా ఎక్కింది అల్లుడూ."

"నీకన్నా తెలివైనవి మావా. తీపెక్కడుందో ఎతుక్కుంటాయి."

అలా మొదలవుతుంది వాళ్ళ చర్చ. దేవుడున్నాడా, ఉంటే లోకంలో ఇంత చెడు ఎందుకుంది, లేకపోతే మనిషి మంచిగా ఎందుకుండాలి. ఎనిమిదేళ్ళుగా ఇవే మూడు ప్రశ్నలు. మొదట్లో ఇద్దరే. తర్వాత కళాసీలు వచ్చి చేరారు, చర్చి నుంచి కొందరు, హేతువాద సంఘం నుంచి కొందరు. ఇప్పుడు ముప్ఫై మంది దాకా రోడ్డు వారన నిలబడి వింటారు. కొట్టు యజమాని ఫరూఖ్ ఏ పక్షమూ కాదు కాబట్టి పెద్దమనిషి అయ్యాడు.

మొదటి ఏడాది ఇద్దరూ గొంతులు చించుకునేవారు. కూర్చున్నవాళ్ళు టీ వదిలేసి లేచిపోయేవారు. విసిగిపోయిన ఫరూఖ్ ఒకరోజు పాత అలారం గడియారం తెచ్చి పాల గిన్నె పక్కన పెట్టాడు.

"అరె భాయ్, ఒకడి మాట ఒకడు వినట్లేదు. ఇవాళ్టి నుంచి కానూన్ ఇది. ఒక్కొక్కళ్ళకి ఏడు నిమిషాలు. జవాబు సెప్పే ముందు ఎదుటోడు ఏటన్నాడో నువ్వు తిరిగి సెప్పాలి. ఆడి మాటలు కాదు, నీ మాటల్లో, నీ సొంత ఉదాహరణతో. అది యిని ఆడు 'అదే' అనాలి. అప్పుడే నీ ఏడు నిమిషాల గంట మొదలు. అనకపోతే మళ్ళీ సెప్పు. ఇష్టం లేకపోతే టీ తాగి ఇళ్ళకి పొండి."

ఆ నియమం ఇద్దరినీ మార్చింది. ఎదుటివాడి మాటకి తన బతుకులోంచి ఉదాహరణ తీసి ఇవ్వడమంటే, శత్రువు బిడ్డకి తన ఇంట్లో అన్నం పెట్టడం లాంటిది. పెట్టిపెట్టి చివరికి ఆ బిడ్డ మీద మమకారం పుడుతుంది. పైడిరాజు పాస్టరు వాదనలని పాస్టరుకన్నా బాగా చెబుతాడని చర్చి వాళ్ళే అనేవారు. దేవుడు లేడనే వాదనని ఆశీర్వాదం ఎంత గట్టిగా వినిపించేవాడంటే, ఒకసారి కొత్తగా వచ్చిన కళాసీ ఒకడు, "ఈ పాస్టరు గారికి నమ్మకం లేదేటి?" అని పక్కవాణ్ణి అడిగాడు.

ఇద్దరికీ చుట్టరికం లేదు. మామా అల్లుడూ అనుకోవడం ఆశీర్వాదం తమ్ముడు పోతురాజు వల్ల వచ్చింది. పోతురాజు పైడిరాజు గ్యాంగులో లైన్‌మేను, ఆయన్ని మావా అని పిలిచేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పెళ్ళి కాలేదు, స్తంభమెక్కితే కిందికి పాట వినిపించాల్సిందే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళిన తొమ్మిదో రోజున, బుచ్చయ్యపేట దాటాక చెరకు తోటల మధ్య ఒక స్తంభం మీద షాకు కొట్టి చనిపోయాడు.

ఆ ఒక్క చావు ఇద్దరు మనుషులని చెరో దారికి పంపింది. అన్నకి అప్పటికి వేరే పేరుంది. తమ్ముణ్ణి దహనం చేసి వచ్చి మూడు రోజులు గుమ్మంలో కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి చెప్పి వెళ్ళారు. చర్చికి వెళ్ళే ముసలాయన ఒకరు మాత్రం ఏమీ చెప్పకుండా మూడు రోజులూ పక్కనే కూర్చున్నాడు. నాలుగో రోజు ఆయన వెంట లేచి వెళ్ళాడు. ఆశీర్వాదం అన్నది తర్వాత బాప్తిస్మంలో పెట్టుకున్న పేరు.

పైడిరాజు దారి వేరు. స్మశానం దగ్గర అందరూ అదే మాట అన్నారు. దేవుడు తీసుకుపోయాడు. దేవుడి రాత. దేవుడికి కళ్ళు లేవు. ఆ మాటలు ఆయన చెవిలో సీసం పోసినట్టు పడ్డాయి. ఇంటికి వెళ్ళి దేవుడి పటాలు తీసి భార్య బుల్లమ్మకి ఇచ్చేశాడు. "ఇయ్యి నీయి. నాకొద్దు," అన్నాడు. ఏడాది తిరిగేసరికి హేతువాద సంఘంలో చేరాడు. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాడు. తుపాన్ని ఆపలేని దేవుడెందుకని ఊరూరా అడిగాడు.

అసలు సంగతి ఆయనకొక్కడికే తెలుసు.

తుపాను తర్వాత ఫోన్లు పనిచేయలేదు. ఒకే లైను మీద నాలుగైదు గ్యాంగులు పనిచేస్తున్నాయి. ఎవరు స్తంభం మీదున్నారో, ఎవరు దిగారో చెప్పుకునే దారి లేదు. అందుకని లైన్‌మేన్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. కరెంటు ఆపే స్విచ్చు పిడికి ప్రతి గ్యాంగు పెద్దా తన తువ్వాలు కట్టాలి. పని పూర్తయి, తన మనుషులంతా దిగాక తన తువ్వాలు తాను విప్పుకోవాలి. పిడి మీద ఒక్క తువ్వాలున్నా ఎవడూ స్విచ్చు వేయకూడదు.

ఆ సాయంత్రానికి మిగతా గ్యాంగులన్నీ తమ తువ్వాళ్ళు విప్పుకుని వెళ్ళిపోయాయి. పైడిరాజుది, నీలం గళ్ళది, ఒక్కటే ఉంది. చుట్టూ ఊళ్ళ జనం. తొమ్మిది రోజులుగా నీళ్ళ మోటార్లు లేవు. ఇంకెంతసేపు, ఇంకెంతసేపు అంటున్నారు. ఎవరో టీ కేను తెచ్చారు. గ్యాంగులో ఎనిమిది మంది. పైడిరాజు టీ తాగుతున్న తలలు లెక్కపెట్టాడు. ఎనిమిది. తువ్వాలు విప్పి, స్విచ్చు వేయమని అక్కడి మనిషికి ఊపాడు.

ఎనిమిదో తల టీ తెచ్చిన రైతుది.

పది నిమిషాల ముందే పోతురాజుని పిలిచి, "ఆ సివరి స్తంభం మీద వైరు ఒదులుగా ఉన్నట్టుంది, సూసి బిగించి రా," అని పంపింది పైడిరాజే. పంపి మరచిపోయాడు. తొమ్మిది రోజుల్లో ఆయన నిద్రపోయింది మొత్తం కలిపితే ఒక రాత్రి కాదు. పోతురాజు వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు. ఆయన పంపడం మరెవరూ చూడలేదు, ఆ మాట మరెవరూ వినలేదు. విచారణలో, ఎవరింట్లోనో నడిపిన జనరేటరు నుంచి కరెంటు వెనక్కి లైనులోకి వచ్చి ఉంటుందని రాశారు. పోతురాజు తనంతట తానే ఎక్కాడని రాశారు. పైడిరాజు కింద సంతకం పెట్టాడు.

తను చేసిన తప్పుని జనం దేవుడి నెత్తిన వేస్తుంటే భరించలేకపోయాడు. నేను చేశానని చెప్పడానికి నోరు రాలేదు. చివరికి దేవుణ్ణే లేకుండా చేసి ఆయన్ని ఆ నింద నుంచి తప్పించాడు. తర్వాత చదివిన పుస్తకాలు చాలావరకు నిజమనే అనిపించాయి, ఇప్పటికీ అనిపిస్తాయి. కానీ మొదటి మెట్టు అది. ఆ మెట్టు మీద నీలం గళ్ళ తువ్వాలు పడి ఉంది.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం. చెరకు గానుగల పొగ ఊరి మీదికి పల్చగా వచ్చి, గాలి పీలిస్తే గొంతులో పాకం తగులుతున్న రోజులు. మార్కెట్లో దిమ్మలు గోడల్లా పేర్చి ఉన్నాయి. ఆ రోజు పాస్టరుది మొదటి వంతు.

"మావా, దేవుడు లేనోడు మంచోడు కాదని నేనెప్పుడూ అన్లేదు. నువ్వే మంచోడివి, నాకు సాక్ష్యం అక్కర్లేదు," అన్నాడు ఆశీర్వాదం.

"సోపు ఎక్కువైంది అల్లుడూ, జారిపోతాను," అన్నాడు పైడిరాజు. జనం నవ్వారు.

"ఉండు. ఇవాళ మంచి గురించి కాదు, తప్పు గురించి అడుగుతాను. ఒక మనిషి తప్పు సేసేడు. ఎవులూ సూళ్ళేదు. ఎవుడికి అన్యాయం జరిగిందో ఆడు సచ్చిపోయేడు. ఇంక ఈడు ఎవుల్ని క్షమించమంటాడు? సచ్చినోడు క్షమించలేడు. పక్కోడికి ఆ హక్కు లేదు. దేవుడంటావా, నీ లెక్కలో లేడు. మరి ఆ బరువు ఈడు ఎక్కడ దించుకుంటాడు? మోసుకుని మోసుకుని ఈడే సెడిపోడా? నా ప్రశ్న ఇంతే."

గడియారం మోగింది. ఏడు నిమిషాల్లో మూడే వాడుకుని ముగించేశాడని ఫరూఖ్ ముందే మోగించాడు.

"రాజు భాయ్, నీ వంతు. ముందు ఆయన మాట తిరిగి సెప్పు. సొంత ఉదాహరణ."

పైడిరాజుకి జవాబు సిద్ధంగా ఉంది. మనుషులకి చేసిన తప్పు మనుషులకే చెప్పుకోవాలి, పైనున్నవాడికి చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక, అని సంఘం సభల్లో పదిసార్లు చెప్పాడు. ఉదాహరణ ఒక్కటి కావాలి. ఏ దొంగ కథో, ఏ బస్సు డ్రైవరు కథో చెప్పొచ్చు. నోరు తెరిచాడు. లోపల ఒకే ఒక్కటి ఉంది. ఎనిమిదేళ్ళుగా ఆ బెంచీ మీద ఆయన ఒక్క ఉదాహరణ కూడా అబద్ధం చెప్పలేదు. పాస్టరూ చెప్పలేదు. ఆ కొట్టు దగ్గర ఇద్దరికీ మిగిలిన గుడి అదే.

"ఒక లైన్‌మేను ఉన్నాడు," అన్నాడు.

"పోనీలే, మార్చేవు. ఎప్పుడూ బస్సు డ్రైవరే," అన్నారెవరో.

"తుపాను పనులు. తువ్వాలు కట్టి స్విచ్చు ఆపుకున్నారు. ఈడు తన మనిషిని ఒకణ్ణి సివరి స్తంభానికి పంపేడు. పంపి మర్సిపోయేడు. తలలు లెక్కెట్టేడు, తప్పు లెక్కెట్టేడు. తువ్వాలు ఇప్పేసేడు."

ఆశీర్వాదం ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏ తుపాను మావా?" అన్నాడు నెమ్మదిగా.

"పైనోడు సచ్చిపోయేడు. ఇచారణకొచ్చినోళ్ళు, నువ్వు పంపేవా అనడిగేరు. లేదన్నాడు. సచ్చినోడి అన్న దగ్గరికెళ్ళి ఏడిసేడు గాని సెప్పలేదు. ఆ అన్నతో కూసుని ఎనిమిదేళ్ళు టీ తాగేడు. దేవుడు లేడని ఆదించేడు. బరువు మాత్రం ఎక్కడా దించలేదు. తువ్వాలు ఒక్కటే దించేడు." పైడిరాజు తలెత్తాడు. "నువ్వన్నది అదేనా అల్లుడూ?"

ఆశీర్వాదం ఆయన బోసి భుజం వంక చూశాడు. పాల గిన్నెలో మీగడ కట్టింది. 'అదే' అనాలి, లేదా 'కాదు' అనాలి. నియమం అది. ఆశీర్వాదం ఏదీ అనలేదు. బైబిలు చంకన పెట్టుకుని, మోపెడ్ స్టార్టు చేసి వెళ్ళిపోయాడు. బెంచీ మీద ఒక చీమ అటూ ఇటూ తిరిగి అంచు దాకా వెళ్ళి ఆగింది.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు. ఆ మరుసటి ఆదివారమూ రాలేదు. పైడిరాజు మాత్రం నాలుగింటికి వచ్చి, తన బెంచీ మీద కూర్చుని, అయిదింటికి లేచి వెళ్ళేవాడు. సంఘం సభ్యుడొకడు వచ్చి కోప్పడ్డాడు.

"పదేళ్ళ మాట, ఎవుడికి కావాలండి ఇప్పుడు? ఆళ్ళ ప్రశ్నకి మీరే జవాబైపోయేరు. రేపు చర్చిలో పండగ సేసుకుంటారు."

"సేసుకోనీ. నా జవాబు నేనింకా సెప్పలేదు," అన్నాడు పైడిరాజు.

ఇంటికి వెళ్ళి బుల్లమ్మని కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఆమె విన్నది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పటాలు నాకిచ్చేసిన రోజే అనుకున్నాను, ఏదో ఉందని," అంది. తర్వాత, "కాయితమ్మీద రాయి. నోటితో సెప్పింది గాలికి పోతాది," అంది.

రాశాడు. ఏ రోజు, ఏ స్తంభం, ఎవరు ఎవరిని పంపారు, ఎవరు సంతకం పెట్టారు. రెండు కాగితాలు. ఒకటి సోమవారం తన పాత ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. గుమస్తా రెండుసార్లు చదివి, "ఇది మీ మీదే మీరు పెట్టుకునే ఫిర్యాదండి. పింఛనీకి ఇబ్బందవుతాది, తెలుసు కదా?" అన్నాడు. తెలుసన్నాడు. రెండో కాగితం చొక్కా జేబులో ఉంచుకున్నాడు.

నాలుగో ఆదివారం, నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా, మోపెడ్ వచ్చి కొట్టు ముందు ఆగింది. ఆశీర్వాదం దిగలేదు. గడ్డం పెరిగింది.

"ఎక్కు," అన్నాడు.

బుచ్చయ్యపేట దాటాక రోడ్డుకి రెండు వైపులా కొట్టిన చెరకు మోళ్ళు, మధ్యమధ్య కొట్టని తోటలు. ఎక్కడో పాకం వండుతున్నారు. పొగలో సూర్యుడు బెల్లం రంగుకి తిరిగాడు. పైడిరాజు ఆయన భుజం తట్టి మట్టి బాట చూపించాడు. దిగి నడిచారు. ఇనప స్తంభాల వరుసలో చివరిది. దాని మొదట్లో గడ్డి పెరిగింది. పైన వైర్లు ఏమీ ఎరగనట్టు సన్నగా పాడుతున్నాయి.

"ఇదేనా?"

"ఇదే."

ఆశీర్వాదం అరచేయి స్తంభానికి ఆనించాడు. "పదేళ్ళు ఆడు తనకి తానే ఎక్కేడనుకున్నాను. ఎందుకెక్కేవురా, ఎవుడు సెప్పేడురా ఎక్కమని, అని ప్రార్థనలో ఆణ్ణి తిట్టేను. ఆడి తప్పు లేదు."

"లేదు. నాది."

"ఎల్తా ఏటన్నాడు?"

ఆ మాట చెప్పాలంటే పంపింది తానేనని చెప్పాలి. అందుకే పైడిరాజు పదేళ్ళూ దాన్ని తన దగ్గరే ఉంచేసుకున్నాడు. అది ఆయనది కాదు. ఎదుటున్న ఈ అన్నకి దక్కాల్సింది.

"అప్పుడే టీ వచ్చింది. ఎల్తా ఎల్తా ఎనక్కి తిరిగి, 'నా గ్లాసు తీసుంచు మావా, సల్లారినా తాగుతాను,' అన్నాడు. ఉంచుతాన్లే అన్నాను." "అంతా అయిపోయేక సూత్తే, కల్వర్టు గట్టు మీద గ్లాసుంది. చెరకాకు మూత ఏసి ఉంది. నేనే పెట్టేను. సెయ్యి గుర్తెట్టుకుంది అల్లుడూ. బుర్ర మర్సిపోయింది."

ఆశీర్వాదం నేల మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనక నుంచి తెలియలేదు. "సల్లారినా తాగుతాడు," అన్నాడు. "ఆడంతే. అమ్మ గంజి పెట్టినా అదే మాట." కాస్త దూరంలో పైడిరాజు తానూ కూర్చున్నాడు. చెప్పడానికి ఏమీ లేని చోట మాట్లాడకుండా కూర్చోవడం ఒక్కటే ఆ అన్నకి ఎప్పుడో పనికొచ్చిందని ఆయనకి తెలుసు.

సూర్యుడు చెరకు మోళ్ళ మీదికి దిగాక జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. "ఆఫీసులో ఇచ్చేసేను, ఇదే రాసి. ఇది నీకు. నీ ప్రశ్నకి నా జవాబు ఇదే. నా దగ్గర దేవుడు లేడు గాబట్టి మనుషులకే సెప్పుకోవాలి. నువ్వు క్షమించక్కర్లేదు. నేనడగడం లేదు."

ఆశీర్వాదం కాగితం మడత విప్పకుండా బైబిల్లో పెట్టుకున్నాడు.

"నా దేవుడు క్షమించమంటన్నాడు," అన్నాడు. "నాలుగు వారాల్నుంచి అదే మాట. నేనింకా ఒప్పుకోలేదు. ఆయనకీ నాకూ పెద్ద ఆదన జరుగుతోంది."

"ఎన్ని నిమిషాలిచ్చేవు ఆయనకి?"

"ఎక్కువే ఇచ్చేను. ఇంటన్నాడు. నా మాట మొత్తం ఇంటన్నాడు, అదొకటుంది." లేచి పంచె దులుపుకున్నాడు. "తేలేసరికి నువ్వుంటావో నేనుంటానో తెల్దు మావా. అంతవరకు నిన్ను సూత్తే కడుపు రగులుతాది. అయినా వత్తాను. ఆదివారం వత్తాను."

తిరుగు దారిలో చలిగాలి మొదలైంది. వెనక కూర్చున్న పైడిరాజు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని ముడుచుకున్నాడు. ఊళ్ళో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఏ స్తంభం నుంచి ఏ ఇంటికి వెళ్తుందో ఆయనకి తెలిసిన దీపాలు. రైలు గేటు దగ్గర బండి ఆగింది. గూడ్సు వెళ్తోంది. ఆశీర్వాదం ముందుకే చూస్తూ ఒక మాట అన్నాడు. రైలు చప్పుడులో పోయింది.

"ఏటన్నావు?"

గూడ్సు పూర్తిగా వెళ్ళేదాకా ఆగాడు పాస్టరు.

"అదే, అన్నాను. ఆ రోజు నువ్వు సెప్పిన ఉదాహరణ. నేనన్నది అదే." గేటు లేచింది. గేరు వేశాడు. "ఇంక నీ గంట మొదలు."